‘నీ ఇష్టం’ అంటే నోరు పెగలడం లేదు

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. ఇంటర్‌లో ఎంపీసీ, ఇంజినీరింగ్‌లో సీఎస్‌ఈ, హైదరాబాద్‌లో ఉద్యోగం... అన్నీ నాన్న నిర్ణయాలే. చీర కొనాలన్నా ఫొటో తీసి అక్కకు వాట్సాప్ చేస్తాను. ఇప్పుడో సంబంధం వచ్చింది. అందరికీ నచ్చింది. నాన్న మొదటిసారి ‘నీ ఇష్టమమ్మా’ అన్నారు. నాకేమీ తోచడం లేదు. సొంతంగా ఆలోచించే శక్తే లేదేమో!
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: శక్తి లేక కాదు, ఇన్నాళ్లూ దానితో పనిపడలేదు. ఇంట్లో ‘నీకేం తెలుసు, నువ్వు చదువుకో చాలు’ అంటూ పెంచుతాం. ఎదురు చెప్పని పిల్లకు బుద్ధిమంతురాలన్న పేరొస్తుంది. ఆ పేరు పోతుందేమోనన్న భయమే మీ నోరు కట్టేస్తోంది. మీ నాన్నగారు ఈ మాట పదేళ్ల కిందటే అనాల్సింది. ఇప్పటికైనా అన్నారు, సంతోషం.

1950ల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. గీతల్లో ఏవి సమానమో చెప్పాలి, అంతే. గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు చెబుతుంటే, అసలు పరీక్షకు కూర్చున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఒక్కసారైనా వాళ్లకు వంత పాడారు. అయితే జవాబు కాగితం మీద రాయమన్నప్పుడు అలా లొంగిపోవడం బాగా తగ్గింది. పక్కన ఒక్కరు నిజం చెప్పినా అంతే.

అందుకే మీరూ ముందు రాయండి. ఆ అబ్బాయితో మాట్లాడినప్పుడు ఏం నచ్చింది, ఎక్కడ మనసు చివుక్కుమంది, పెళ్లయ్యాక ఉద్యోగం సంగతేమిటి, అడగాలనుకుని మింగేసిన ప్రశ్నలేమిటి? అక్కకు ఫోన్ చేసేది ఆ తర్వాతే. అప్పుడు కూడా ‘ఏం చేయమంటావ్?’ అనకండి. ‘నాకిలా అనిపిస్తోంది, నువ్వేమంటావ్?’ అనండి. పెద్దవాళ్ల సలహా వినడం తప్పేమీ కాదు, మీ మాట పుట్టకముందే వినడంతోనే చిక్కు. చీరల ఫొటోలు మాత్రం నేటి నుంచే మానేయండి. నచ్చని చీర కొన్నా కొంపలేం మునగవు.

నాన్నగారితో ‘రెండు వారాలు ఆగండి నాన్నా, అతనితో ఇంకోసారి మాట్లాడి చెబుతాను’ అనండి. అవతలివాళ్లు తొందరపెడితే అదీ ఆ కాగితం మీద రాసుకోండి.