ఫైలు కళ్ళ ముందే ఉన్నా లేదంటోంది!

ప్రశ్న: మేడమ్, పాత ఇంటెల్ మ్యాక్‌లో రెండేళ్ళు నడిచిన నా పైథాన్ స్క్రిప్టు, ఎం2 మ్యాక్‌లో పెట్టగానే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్: నో సచ్ ఫైల్' అంటోంది. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైలు కనిపిస్తోంది. అది రోజూ పొద్దున్నే క్రాన్‌లో (చెప్పిన టైముకు పనుల్ని తనంతట తానే నడిపేది) నడవాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లేదంటున్నది మీ స్క్రిప్టు గురించి కాదండీ. దాని మొదటి లైను చూడండి. '#!/యూఎస్ఆర్/లోకల్/బిన్/పైథాన్3' అని ఉండి ఉంటుంది. ఈ ఫైలును దేనితో నడపాలో సిస్టంకు చెప్పే లైను అది. ఆ చోట పైథాన్ లేదు. ఇంటెల్ మ్యాక్‌లలో హోమ్‌బ్రూ (ప్రోగ్రాములు వేసుకునే టూల్) అన్నీ /యూఎస్ఆర్/లోకల్ కింద పెడుతుంది. మీ ఎం2 లాంటి యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో /ఆప్ట్/హోమ్‌బ్రూ కింద పెడుతుంది.

మొదటి లైనును '#!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ పైథాన్3' అని మార్చండి. పాత్ అంటే ప్రోగ్రాముల కోసం వెతకాల్సిన డైరెక్టరీల జాబితా. వాటిని ఎన్వ్ వరసగా వెతికి, మొదట దొరికిన పైథాన్3ను నడుపుతుంది. బాష్ (కమాండ్లు నడిపే షెల్) స్క్రిప్టులకూ ఇదే మేలు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో బాష్ వేసుకుంటే /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోకి వెళ్తుంది. నిక్స్‌ఓఎస్ అనే లినక్స్‌లో మామూలుగా /బిన్/బాష్ ఉండనే ఉండదు. ఎన్వ్ మాత్రం రెండిట్లోనూ ఒకే చోట ఉంటుంది.

అయితే మీది క్రాన్ పని, అక్కడే జాగ్రత్త. మీ టెర్మినల్‌లోని పాత్ క్రాన్‌కు తెలియదు. దానికి తెలిసినవి /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. అక్కడ యాపిల్ వాళ్ళ పైథాన్3 దొరికితే ఎన్వ్ దాన్నే నడిపేస్తుంది. మీరు వేసుకున్న పాండాస్ లాంటి లైబ్రరీలు అందులో ఉండవు. చేత్తో నడిపితే బాగానే ఉండి, పొద్దున్నే ఫెయిలవుతుంది. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా ఉండే ఫైలు) పైన 'పాత్=/ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్:/యూఎస్ఆర్/బిన్:/బిన్' అని ఒక లైను రాయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను పనిచేసిన ఒకచోట రాత్రి బ్యాకప్ స్క్రిప్టులో డేటాబేస్‌ను కాపీ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు పూర్తి పాత్ (అది ఉన్న చోటు మొత్తం) రాసి పెట్టాను. సర్వర్ మార్చాం, ఆ ప్రోగ్రాం వేరే డైరెక్టరీలోకి వెళ్ళింది. స్క్రిప్టు ఆగలేదు. డంప్‌ను పైప్‌లో (ఒక ప్రోగ్రాం ఔట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే దారి) ఫైళ్ళను కుదించే జీజిప్‌కు ఇచ్చే లైను అది. డంప్ నడవకపోయినా జీజిప్ ఖాళీని కుదించి, పని అయినట్టే చెప్పేది. రోజుకో ఫైలు, తేదీతో సహా. పదకొండో రోజు అకౌంట్స్‌లో ఒకాయన చెరిగిపోయిన ఎంట్రీ కావాలని వచ్చాడు. సైజులు చూస్తే పదకొండు ఫైళ్ళూ 20 బైట్లే. ఆ ఎంట్రీని కాగితం రసీదులు చూసి మళ్ళీ కట్టాం.

అప్పట్నుంచి నా ప్రతి స్క్రిప్టూ ముందు 'కమాండ్ -వి'తో కావాల్సిన ప్రోగ్రాం ఉందో లేదో చూస్తుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. బాష్ అయితే 'సెట్ -ఓ పైప్‌ఫెయిల్' కూడా పెడతాను, అప్పుడు పైప్‌లో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టే లెక్క.

రూట్‌తో (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) నడిచే వాటి సంగతి వేరు. అక్కడ పాత్‌ను బయటినుంచి రానివ్వకూడదు, ఎవరో పెట్టిన నకిలీ ప్రోగ్రాం నడిచే ప్రమాదం ఉంది. స్క్రిప్టులోనే పాత్ నిర్ణయించండి, లేదా పూర్తి పాత్ రాయండి.

ఇవాళే మీ స్క్రిప్టులన్నిట్లో '/యూఎస్ఆర్/లోకల్' కోసం గ్రెప్ (ఫైళ్ళలో మాటలు వెతికే కమాండ్) కొట్టి చూడండి. పాత మ్యాక్‌ను అప్పుడే ఫార్మాట్ చేయకండి.