పైకి గాయం లేకపోయినా తలకు సీటీ స్కాన్ ఎందుకు?

"బండి మీంచి పడ్డాడు, గాయం పెద్దగా లేదు, బాగానే మాట్లాడుతున్నాడు, అయినా స్కాన్ అంటున్నారు. అవసరమా?" అన్నది మీ ప్రశ్న. క్యాజువాలిటీలో మేం రోజూ వినేదే ఇది. నెత్తి చీరుకుని చొక్కా అంతా రక్తమైన మనిషికి లోపల ఏమీ ఉండకపోవచ్చు. చిన్న బొప్పి కట్టిన మనిషికి లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అందుకే గాయం ఎంత ఉందన్నదాని కన్నా, ఎలా పడ్డారన్నది ముందు అడుగుతాం.

హెల్మెట్ లేకుండా, లేదా స్ట్రాప్ పెట్టుకోకుండా బండి నడిపి పడ్డవాళ్లకు కణత మీద దెబ్బ తగిలితే భయపడాలి. అక్కడ ఎముక పలచన, దాని లోపలే ఒక ధమని ఉంటుంది. ఎముక చిట్లి ధమని తెగితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. దీన్నే ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. కొందరు కాసేపు తెలివి తప్పి, లేచి మాట్లాడి, ఇంటికి పోదామంటారు. కొద్ది గంటల్లో మళ్లీ మత్తులోకి జారిపోతారు. ఆ మధ్యలో స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తే మామూలు మనిషిగా లేచి వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. అందుకే అంత పట్టుబడతాం.

వెనక సీట్లో ఒకపక్కకు కూర్చున్న ఆడవాళ్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి వెల్లకిలా పడతారు. దెబ్బ తల వెనక తగిలినా, మెదడు ముందుకు కదిలి ముందు భాగం నలిగిపోయి ఉండొచ్చు. చీర కొంగు, చున్నీ చక్రంలో పడినప్పుడూ ఇలాగే జరుగుతుంది. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులకు తలతో పాటు మెడ, వెన్నెముక కూడా చూడాల్సిందే.

పెద్దవాళ్ల సంగతి వేరు. బాత్రూంలో జారడం, రాత్రి మంచం దిగుతూ పడటం చాలు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుంటుంది, దాన్ని పైపొరకు కలిపే సిరలు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు (బ్లడ్ థిన్నర్లు) వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. రక్తం మెల్లగా చేరి మూడు నాలుగు వారాల తర్వాత నడక తూలడం, ఒక కాలు ఈడ్చడం, మాట తడబడటం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. పుర్రెకు రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేస్తే చాలామంది కోలుకుంటారు.

స్కాన్ ఎవరికి తీయాలన్నది ఊహ మీద నడవదు. స్పృహ ఎంత ఉందో గ్లాస్గో కోమా స్కేల్ అనే పద్ధతిలో మార్కులేస్తాం: కళ్లు తెరవడానికి 4, మాటకు 5, చేతులు కాళ్లు ఆడించడానికి 6, మొత్తం 15 మార్కులు. 13 నుంచి 15 తేలిక, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా తక్కువైతే తీవ్రం, గొట్టం వేసి శ్వాస కాపాడాలి. ఒక్కసారి చూసిన అంకె కన్నా అది పడిపోవడమే అసలు హెచ్చరిక. కాసేపు తెలివి తప్పినవాళ్లలో, జరిగింది గుర్తులేనివాళ్లలో 65 దాటినవాళ్లకు, రెండుసార్లు వాంతి అయినవాళ్లకు, రెండు గంటలైనా 15 రానివాళ్లకు, మూడు అడుగుల పైనుంచి లేదా ఐదు మెట్ల మీంచి పడ్డవాళ్లకు, చెవిలోంచి రక్తమో నీరో కారుతున్నవాళ్లకు స్కాన్ తీయాల్సిందే. బ్లడ్ థిన్నర్లు వాడేవాళ్లకు ఈ లెక్కలతో పనిలేదు, వెంటనే తీయాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "తాగి ఉన్నాడు, పడుకుంటే దిగిపోతుంది". వాసన వస్తున్నా సరే, షుగర్ పడిపోయి మత్తుగా ఉన్నాడేమో ముందు చూడాలి, స్కాన్ తీయాలి.

ప్రమాదం జరిగిన చోట పడ్డ మనిషికి మంచినీళ్లు తాగించకండి. మెడ కదలకుండా పట్టుకోండి. వాంతి వస్తే తల, మెడ, ఒళ్లు కలిపి ఒకేసారి పక్కకు తిప్పండి. ఆక్సిజన్ 90 శాతం కిందకు, పై బీపీ 90 కిందకు పోతే మెదడుకు రెండో దెబ్బ తగులుతుంది. 108 వాళ్లను స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఇంజెక్షన్ ఉపయోగపడేది మొదటి మూడు గంటల్లోనే. కాబట్టి పడిన టైము కచ్చితంగా చెప్పండి. కాలు జారి పడ్డారా, ముందే కళ్లు తిరిగి పడ్డారా అన్నదీ చెప్పండి. వాడే మాత్రల స్ట్రిప్పులు వెంట తెండి.

స్కాన్ మామూలుగా ఉండి ఇంటికి పంపితే మొదటి 24 గంటలు ఒకరు పక్కనే ఉండాలి. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, లేపితే సరిగ్గా పలకకపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెనక్కి తీసుకురండి.