అమెరికా ఆర్మీ బేస్‌లో సొంత తుపాకీ ఎక్కడ ఉంచుకోవాలి?

మీ నివాసాన్ని బట్టి ఉంటుంది. బ్యారక్స్‌లో ఉండేవాళ్ళు తుపాకీని గదిలో దాచుకోకూడదు, యూనిట్ ఆయుధాగారంలో అప్పగించాలి. అక్కడ ప్రభుత్వ ఆయుధాలతో కలపకుండా, యజమాని పేరున్న ట్యాగ్ కట్టి, విడిగా తాళం వేసి ఉంచుతారు. వేటకో, షూటింగ్ రేంజికో కావాలంటే కమాండర్ అనుమతితో సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. సెలవు రోజున ఆర్మరర్ (ఆయుధాగారం చూసుకునే సైనికుడు) దొరకడం కష్టం కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి.

కుటుంబ క్వార్టర్లలో అయితే సాధారణంగా ఇంట్లోనే ఉంచుకోనిస్తారు, తూటాలు మాత్రం వేరేగా పెట్టి తాళం వేయాలి. అయినా మనసు బాగోని రోజుల్లో ఇంట్లో ఉంచవద్దనే గట్టిగా చెబుతాను. అప్పుడూ ఆయుధాగారమే మేలు.

బేస్‌లోకి తెచ్చే తుపాకీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గృహహింస నేరం రుజువైనవాళ్ళకు అమెరికా తుపాకీ చట్టానికి 1996లో చేసిన లాటెన్‌బర్గ్ సవరణ ప్రకారం తుపాకీయే ఉండకూడదు. మిగతా నియమాలు బేస్‌ను బట్టి మారతాయి, గేటు దాటకముందే అక్కడి మిలిటరీ పోలీసు ఆఫీసులో అడగండి.