పొట్టకు పైపు వేస్తున్నారంటే

తల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలే అర్థమయ్యాయి. పాలు నేరుగా జీర్ణాశయంలోకి పోయడానికి చంటాడికి సోమవారం పొట్టకు పైపు వేస్తున్నారు, అంతేగా? ముక్కులోంచి పొట్టలోకి దింపే రైల్స్ ట్యూబుతో అయిదు నెలలు నెట్టుకొచ్చావు. వాడు పీకేసినప్పుడల్లా ఆసుపత్రికి పరుగెత్తావు. ఇంకెన్నాళ్లు? "ముసలివాళ్లకు వేసేది పసివాడికి వేస్తారా" అన్న మీ అత్తగారి మాట మనసులో పెట్టుకోకు. పొట్ట కోయకుండా ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూస్తూ, ఈ పైపు మొదటిసారి వేసిందే నెలల పసిబిడ్డకు, 1979లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో.

పిల్లల వార్డులో నర్సుగా ఇన్నేళ్లు చేశాక నాకు ఇప్పటికీ భయమేసేది ఒక్కటే: కొత్త పైపు ఊడిపోవడం. జీర్ణాశయం పొట్ట గోడకు అతుక్కుని దారి గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆలోగా ఊడితే నువ్వు మళ్లీ తోయకు. ఒక తండ్రి అలాగే తోసేశాడు. పాపం, మంచి ఉద్దేశంతోనే. పైపు జీర్ణాశయంలోకి పోకుండా పక్కకు జారింది, పోసిన పాలన్నీ జీర్ణాశయం బయట, కడుపులో పడ్డాయి. బిడ్డకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఊడితే శుభ్రమైన గాజుగుడ్డ అడ్డం పెట్టి, ఏమీ పోయకుండా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరు.

దారి గట్టిపడ్డాక సంగతి వేరు. అప్పుడు ఊడితే కొన్ని గంటల్లోనే రంధ్రం పూడుకుపోతుంది. అందుకే ఏ రోజు నుంచి నువ్వు స్పేర్ ట్యూబు పెట్టొచ్చో డాక్టరు గారిని అడిగి తేదీ రాయించుకో. పెట్టడం నర్సు దగ్గరే నేర్చుకో. పైపు సైజు కూడా కాగితం మీద ఉండాలి.

మొదటి మూడు రోజులు కళ్లు వాడి మీదే ఉండాలి. పాలు పోస్తుంటే నొప్పితో మెలికలు తిరిగినా, జ్వరం వచ్చినా, పొట్ట గట్టిపడినా, రక్తం కనిపించినా, పోయడం ఆపి వెంటనే చూపించు.

బయట ఉండే చక్రం చర్మాన్ని నొక్కేంత బిగుతుగా ఉండకూడదు. అలా ఉంటే పైపు జారకుండా జీర్ణాశయం లోపల ఉండే బిళ్ల పొట్ట గోడలో కూరుకుపోతుంది. పైపు తిప్పమంటారు కొందరికి, అన్ని రకాలకూ కాదు. మనదేదో అడుగు. రంధ్రం చుట్టూ ఎర్రగా మెత్తటి కండ పెరిగితే టెన్షన్ పడకు, చాలామంది పిల్లలకు వస్తుంది, మందుంది. పసుపు మాత్రం రాయకు! సబ్బు, నీళ్లు, ఆపై పొడిగా తుడవడం, అంతే.

రాగి జావ పోయొచ్చా అన్నావు. డాక్టరు సరేనంటేనే, అదీ పలుచగా, గుడ్డలో వడగట్టి. ముందూ వెనకా నీళ్లు పోయకపోతే పైపు మూసుకుపోతుంది. ఎంత పోయాలో వాళ్లే చెబుతారు. మాత్ర మెత్తగా నూరి నీళ్లలో విడిగా కలిపి పోయాలి, పాలల్లో కలపకు. కొన్ని మాత్రలు నూరకూడదు, అదీ అడుగు. పైపు మూసుకుంటే గోరువెచ్చని నీళ్లతో మెల్లగా ప్రయత్నించు, తీగ పెట్టి పొడవకు. పోసేటప్పుడు, తర్వాత అరగంట పైగా తల ఎత్తుగా ఉంచు, లేకపోతే వాంతై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

నోటితో తినడం లేదని పళ్లు తోమడం మానకు. మీరు భోంచేసేటప్పుడు వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకో. పైపు పడ్డాక కూడా నువ్వు అన్నం పెట్టే తల్లివే, దారి మారింది అంతే.

ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. డిశ్చార్జి కాగితాలు నేను చూసేదాకా వార్డు దాటకండి.

మీ పెద్దమ్మ