రికార్డు మార్చి రాస్తే దాని తరువాతి రికార్డు ఎందుకు చెడిపోతోంది?

సీ భాష ప్రోగ్రాములో ఫైలు నుంచి ఐదో రికార్డు చదివి, అందులో ఒక అంకె మార్చి తిరిగి రాస్తే ఐదోది పాతదే ఉండి ఆరోది పోతోందని అడిగారు. ఫైలును ఆర్ ప్లస్ మోడ్‌లో (ఉన్న ఫైలును చదవడానికీ రాయడానికీ) తెరిచామన్నారు, అది సరైనదే. చిక్కు వేరేచోట ఉంది. సీలో తెరిచిన ఫైలుకు చదివే పొజిషన్ (ఫైలులో ఇప్పుడున్న చోటు) ఒకటి, రాసే పొజిషన్ ఒకటి అని ఉండవు. రెండింటికీ ఒక్కటే. చదివే ఫంక్షన్ ఎఫ్‌రీడ్ ఐదో రికార్డు చదవడం పూర్తిచేసేసరికి ఆ పొజిషన్ ఆరోదాని మొదటి బైటు దగ్గర ఉంటుంది. మీ ఎఫ్‌రైట్, అంటే రాసే ఫంక్షన్, అక్కడే రాసింది.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, పొజిషన్‌ను జరిపే ఎఫ్‌సీక్ ఫంక్షన్‌కు సీక్‌కర్ (ఇప్పుడున్న చోటినుంచి లెక్క) ఇచ్చి ఒక రికార్డు అంత వెనక్కి జరగమని. పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. రికార్డు సైజును బైట్లలో చెప్పే సైజాఫ్ ఇచ్చే విలువకు ప్లస్, మైనస్ గుర్తు ఉండదు, దాని ముందు నేరుగా మైనస్ పెడితే వచ్చేది రుణసంఖ్య కాదు, పెద్ద ధనసంఖ్య. ముందు మైనస్ విలువలూ పట్టే లాంగ్ రకంగా మార్చి ఆ తరువాతే మైనస్ పెట్టాలి. పైగా మధ్యలో ఎవరైనా ఇంకో ఎఫ్‌రీడ్ చేర్చారంటే లెక్క తప్పుతుంది. రికార్డు ఫైళ్లతో నడిచే పాత ప్రోగ్రాములు చాలాకాలం చూసుకున్నాను. వాటిలో ఇబ్బంది పెట్టనివన్నీ సీక్‌సెట్ వాడినవే: రికార్డు సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఒక రికార్డు పట్టే స్ట్రక్చర్ సైజుతో గుణించి, ఫైలు మొదటినుంచి అంత దూరం వెళ్లడం. అంతకుముందు ఏం చదివారు, ఎంత చదివారు అనే గొడవే ఉండదు. ఫైలును బైనరీగా, అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్లే చూసే మోడ్‌లో, తెరవడం మరవకండి. టెక్స్ట్ మోడ్‌లో సున్నా గానీ, ఇప్పటి పొజిషన్ చెప్పే ఎఫ్‌టెల్ అంతకుముందు ఇచ్చిన విలువ గానీ తప్ప మీరు గుణించి తెచ్చిన దూరాలకు సీ ప్రమాణం భరోసా ఇవ్వదు.

ఇంకో నియమం పుస్తకాల్లో ఒక మూలన ఉంటుంది, దాని గురించి మీరు అడగలేదు కూడా. ఆర్ ప్లస్ వంటి మోడ్‌లలో చదివిన వెంటనే రాయకూడదు, మధ్యలో ఎఫ్‌సీక్ లాంటిది ఒకటి ఉండాలి. చదువుతూ ఫైలు చివరికి చేరి ఉంటే మాత్రం మినహాయింపు. రాసిన వెంటనే చదవాలన్నా అంతే, అక్కడ రాయాల్సినదాన్ని వెంటనే ఫైలుకు పంపే ఎఫ్‌ఫ్లష్ కూడా చాలు. కదలాల్సిన అవసరం లేకపోయినా సీక్‌కర్‌తో సున్నా దూరం జరగండి. ఇది పాటించకపోతే ఫలితం ఇలా ఉంటుందని సీ ప్రమాణం ఏమీ చెప్పదు. మీకు ఆరో రికార్డు చెడింది, వేరే కంపైలర్‌లో అసలేమీ రాయకపోవచ్చు. ఒక యంత్రంలో చక్కగా నడిచి ఇంకోదాంట్లో తిరగబడిన ప్రోగ్రాము చేతికి వస్తే నేను మొదట వెతికేది దీన్నే.

ఎఫ్‌సీక్ సున్నా ఇస్తే కదిలినట్లు, మరేది ఇచ్చినా కదలనట్లు. ఆ విలువ చూడకుండా రాయకండి. ఫైలు మొదటికి తీసుకెళ్లే రివైండ్ ఏ విలువా ఇవ్వదు, కాబట్టి మొదటికి వెళ్లడానికి కూడా నేను ఎఫ్‌సీక్‌నే వాడతాను. ఎ ప్లస్ మోడ్ జోలికి వెళ్లకండి, అందులో ఎక్కడికి జరిగినా రాసేది ఫైలు చివరనే.

ఫైలు పెద్దదయ్యే అవకాశం ఉంటే ఒక్క మాట. ఎఫ్‌సీక్ దూరాన్ని లాంగ్‌లో తీసుకుంటుంది. విండోస్‌లో అది 32 బిట్లే, అంటే 2,147,483,647 బైట్లు దాటి వెళ్లలేరు. లినక్స్‌లో ఎఫ్‌సీకో, విండోస్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎఫ్‌సీక్ఐ64 వాడుకోవచ్చు.