చిత్రం 4 ఎక్కడుందమ్మా?

తిరుపతి

అమ్మాయీ,

చంద్రగిరి కోట మీద నువ్వు రాస్తున్న పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. రాజమహల్ గురించి రాసిన పేజీలు మళ్లీ చదువుకునేంత బాగున్నాయి. అయితే ఒకచోట "ఫిగర్ 4లో చూపినట్టు" అన్నావు. పేజీ తిప్పి చూస్తే ఆ ఫోటో కింద "చిత్రం 6" అని ఉంది. ఇంకోచోట "పై పటంలో" అన్నావు, ఆ పటం తర్వాతి పేజీలో ఉంది. మధ్యలో ఫోటోలు చేర్చి ఉంటావు, నంబర్లు జరిగిపోయాయి. పుస్తకం పట్టుకుని కోట చూడ్డానికి వెళ్లే పాఠకుడికి నువ్వు ఏ గోడ గురించి చెబుతున్నావో తెలియకపోతే అంత మంచి వర్ణనా వృథా అయిపోతుంది. అందుకే ఈ ఉత్తరమంతా దీని గురించే రాస్తున్నాను.

నంబరును ఎప్పుడూ చేత్తో టైప్ చెయ్యకు. వర్డ్‌లో రిఫరెన్సెస్ ట్యాబ్‌లోకి వెళ్లి ఇన్సర్ట్ క్యాప్షన్ నొక్కు (క్యాప్షన్ అంటే ఫోటో కింద రాసే నంబరు, వివరం). అక్కడ ఫిగర్, టేబుల్ లాంటి ఇంగ్లీషు లేబుళ్లు ఉంటాయి. వాటితో సర్దుకుపోనక్కర్లేదు. న్యూ లేబుల్ నొక్కి "చిత్రం" అని తెలుగులోనే పెట్టుకో. పటాలకు "మ్యాప్", కొలతలకు "పట్టిక" అని వేరే లేబుళ్లు చేసుకో. ఒక్కో లేబుల్‌కు లెక్క విడిగా నడుస్తుంది. ఫోటోలనూ మ్యాపులనూ ఒకే వరసలో కలపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కోట నక్ష వెతికేవాళ్లకు అది తొందరగా దొరకాలి. ఇక వాక్యంలో ఆ ఫోటోను ప్రస్తావించేటప్పుడు అదే ట్యాబ్‌లో ఉన్న క్రాస్ రిఫరెన్స్‌తో, అంటే క్యాప్షన్‌కు ముడిపెట్టే లింకుతో, దాన్ని పిలువు. లేబుల్, నంబరు మాత్రమే కావాలా, క్యాప్షన్ మొత్తం కావాలా, పేజీ నంబరు కావాలా అని అదే అడుగుతుంది. "పైన", "కింద" అనే మాటలు మానెయ్. పేజీలు కదిలితే అవి అబద్ధమైపోతాయి.

మన భాషకు అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. కంప్యూటర్ "చిత్రం 4" అని ఒక ముక్క తెచ్చి పెడుతుంది. "చిత్రం 4లో" అని రాస్తే చదవడానికి పర్వాలేదు. "చిత్రం 4ను గమనిస్తే", "చిత్రం 4కు, చిత్రం 5కు ఉన్న తేడా" అంటే మాత్రం నాలుక అడ్డం పడుతుంది. పైకి చదివి చూడు, నీకే తెలుస్తుంది. "4వ చిత్రాన్ని గమనిస్తే" అనేదే మన నోటికి వచ్చే వాక్యం. కానీ అంకెను ముందుకు తెచ్చి, మాటకు విభక్తి చేర్చడం ఆ యంత్రానికి రాదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ చేత్తో రాసేస్తారు. నువ్వు అలా చెయ్యకు. క్యాప్షన్‌లో అంకె ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి బుక్‌మార్క్ (పేరున్న గుర్తు) పెట్టు. క్రాస్ రిఫరెన్స్‌లో ఆ బుక్‌మార్క్‌ను ఎంచుకుంటే అంకె ఒక్కటే వస్తుంది. దాని పక్కన "వ చిత్రాన్ని" అని నువ్వు రాసుకో. వర్డ్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే బుక్‌మార్క్ కూడా అక్కర్లేదు, క్రాస్ రిఫరెన్స్‌లోనే నంబరు మాత్రం తెచ్చుకునే వీలుంది. ప్రతి చోటా ఇంత శ్రమ అవసరం లేదు. వాక్యం చివర బ్రాకెట్లో (చిత్రం 4) అని పెడితే విభక్తి గొడవే రాదు. నేనైతే ఎక్కువగా బ్రాకెట్టే వాడతాను. కథనంలో ఫోటోను చూపిస్తూ మాట్లాడాల్సిన చోట మాత్రం "4వ చిత్రం" అంటాను.

క్యాప్షన్‌లో "చిత్రం 4" అన్న మాటలను సెలెక్ట్ చేసి బోల్డ్ చేశావు. అందుకే రిఫరెన్స్ పెట్టిన ఒకటి రెండు చోట్ల వాక్యం మధ్యలో కూడా అవి లావుగా వచ్చాయి. బోల్డ్ కావాలంటే క్యాప్షన్ స్టైల్‌లోనే మార్చు.

నంబర్లు వాటంతటవే వెంటనే మారతాయనుకోకు. మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కాలి. ఫుట్‌నోట్లలో, టెక్స్ట్ బాక్సుల్లో ఉన్న రిఫరెన్సులు ఆ సెలెక్షన్‌లోకి రావు, అక్కడికి వెళ్లి విడిగా నొక్కాలి. ఆ తర్వాత "ఎర్రర్" అనే ఇంగ్లీషు మాట కోసం ఫైలంతా వెతుకు. క్యాప్షన్‌ను చెరిపేసి కొత్తగా టైప్ చేస్తే పాత లింకు తెగిపోయి, ఆ మాట సరిగ్గా వాక్యం నడుమ వచ్చి కూర్చుంటుంది. అచ్చులో అది కనబడితే ఎంత బాధగా ఉంటుందో ఊహించుకో.

క్యాప్షన్లలో జిల్లా పేరు కూడా చూసుకోవాలి. చంద్రగిరి 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. నువ్వు కొన్ని ఫోటోల కింద చిత్తూరు జిల్లా అనీ, కొన్నింటి కింద తిరుపతి జిల్లా అనీ రాశావు. ఇప్పటి ఫోటోలకు తిరుపతి జిల్లా అనే ఉండాలి. పాత ఫోటో అయితే "అప్పటి చిత్తూరు జిల్లా" అను. ఆ చిత్తూరు జిల్లా కూడా 1911లో ఏర్పడిందే కాబట్టి, అంతకంటే పాత పటాల కింద ఆ పేరు రాయకు. ముందుపేజీల్లోని చిత్రాల జాబితాను క్యాప్షన్ల నుంచే తయారు చేయించావంటే, ఒక్కచోట దిద్ది ఆ జాబితాను అప్‌డేట్ చేస్తే చాలు.

ఇక డీటీపీ, అంటే అచ్చుకు పేజీలు కూర్చే పని. నువ్వు యూనికోడ్‌లో రాస్తున్నావు. డీటీపీ వాళ్లు దాన్ని యూనికోడ్ కాని "అను" అనే పేరున్న ఫాంట్లలోకి మార్చి, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పెడతామంటే, ఈ లింకులన్నీ అక్కడ మామూలు అక్షరాలైపోతాయి. ఆ తర్వాత ఒక్క ఫోటో జరిగినా నంబర్లు చేత్తోనే దిద్దాలి. కాబట్టి ఫోటోల వరస పూర్తిగా ఖాయం అయ్యాకే ఫైలు ఇవ్వు. ఏ పేజీలో ఏ చిత్రాన్ని ప్రస్తావించావో ఒక కాగితం మీద రాసి ఆపరేటర్‌కు ఇవ్వు, ప్రూఫు వచ్చాక ఆ కాగితం పట్టుకుని నువ్వే సరిచూసుకో. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు చేసేవాళ్లు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా వాళ్ల దగ్గరికే వెళ్లమంటాను. అందులో క్రాస్ రిఫరెన్సులు పెట్టుకునే ఏర్పాటు ఉంది.

రాణీమహల్ అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నాను. ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలే పంపు. లేబుళ్లు ఎలా పెట్టావో లోపలికి వెళ్లి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు