కెమెరా ఎత్తేలోపే ఫొటో చేజారుతోందా?

వీధిలో ఫొటోలు తీస్తుంటే ఫోకస్ కుదిరేలోపు మనిషి దాటిపోతున్నాడు, తీసినవేమో మసకగా వస్తున్నాయి అన్నారు కదండీ. ఆటోఫోకస్ ఆపేయండి. మీ 28 ఎంఎం లెన్స్‌ని (కాస్త వెడల్పుగా చూపేది) ఎఫ్8లో (లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసే సెట్టింగ్) పెట్టి, ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర వదిలేయండి. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలో సుమారు ఒకటిన్నర నుంచి పది మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో పెట్టండి. కాస్త గ్రెయిన్ (చుక్కల గరుకు) వస్తే రానివ్వండి, మసక కన్నా నయం.

ఇక మనుషుల వెంట పడకండి. రెండు భవనాల సందులోంచి ఎండ పడే మూల చూసుకుని, ఆ వెలుగుకి ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నది) సరిచేసుకుని నిలబడండి. నీడలోంచి ఎవరో ఒకరు అందులోకి అడుగు పెడతారు, అప్పుడు నొక్కండి. కాసేపటికి మీరక్కడున్న సంగతే ఎవరికీ పట్టదు, మీ మొహమాటం కూడా సగం పోతుంది. ఎవరైనా వద్దంటే మాత్రం వాదించకుండా వాళ్ల ముందే డిలీట్ చేసేయండి.